పాల చెట్టుకు కాపలా

రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరయినవాణ్ని నేను. గూడూరు జంక్షన్‌లో దిగే ప్రతి మనిషి ముఖం చూసి, జేబులో టికెట్ ఉందో లేదో పసిగట్టడమే నా పనిగా ఉండేది. నిద్ర నటించేవాళ్లు, మరుగుదొడ్లో దూరేవాళ్లు, పక్కవాడి సంచిని తమదిగా సర్దుకునేవాళ్లు, అందరినీ చూశాను. ఉద్యోగం పోయింది కానీ ఆ చూపు పోలేదు. పాలవాడు చెంబు వంచినా, కరెంటాయన మీటరు చూసినా నా కళ్లు వాళ్ల చేతుల మీదే ఉంటాయి. "మీకు దేవదూత కనబడినా ఐడీ కార్డు అడుగుతారు" అంటుంది మా ఆవిడ. అడుగుతాను. తప్పేముంది?

మా ఊరు చిట్టమూరు దాటి సముద్రం వైపు పోతే ఇసుక దిబ్బల మధ్య ఉంటుంది. నా చిన్నతనంలో ఆ దిబ్బల నిండా పాలపండ్ల చెట్లుండేవి. వేపపండంత ఉంటుంది పాలపండు, పసుప్పచ్చగా, తేనె పూసినట్టు. గుప్పెడు తినేసరికి జిగురుకు పెదాలు రెండూ అతుక్కుపోయేవి. ఇంటికి పోయి నోరు తెరవలేక నిలబడితే ఎక్కడికి పోయొచ్చామో అమ్మకు చెప్పకుండానే తెలిసిపోయేది. కొబ్బరినూనె రాసి పెదాలు విడదీసి, ఆ తర్వాత వీపు మీద ఒకటి వేసేది.

ఆ చెట్టు కలప ఇనుముతో సమానం. గానుగ రోకళ్లకనీ గుంజలకనీ కొట్టారు. మిగిలినవి తీసేసి సరుగుడు తోటలు వేశారు, ఆ తర్వాత రొయ్యల గుంటలు తవ్వారు. నేను రిటైరయి ఊరికి వచ్చేసరికి ఒకే ఒక్క పాల చెట్టు మిగిలింది. అదీ మా చర్చి సంఘం సమాధుల దొడ్లో, మూలన, మా అమ్మ సమాధికి దగ్గర్లో. సముద్రపు గాలికి ఒక పక్కకు ఒరిగి ఉండేది. మొదలు దగ్గర చెయ్యి దూరేంత తొర్ర. మొక్కల చదువు చదివిన ఒకాయన్ను తీసుకెళ్లి చూపిస్తే, ఇది పెరగడం మహా నిదానమని, ఇలాంటి పాత చెట్లు ఈ తీరంలో అరుదైపోయాయని, తొర్ర చూస్తే ఎక్కువ కాలం నిలిచేలా లేదని చెప్పాడు.

ఆ రోజే అనుకున్నాను. ఈ చెట్టు పడిపోయేలోపు దీని పిల్ల ఒక్కటైనా ఆ దిబ్బ మీద నిలబడాలి. అంతకు మించి నేను ఏమీ కోరలేదు. కోరింది చిన్నదే కదా అని కూడా అనుకున్నాను.

మొదట నా అనుమానం చేపలామె మీదికి పోయింది. పులికాటు వైపు పల్లె నుంచి గంప నెత్తిన పెట్టుకుని మా వీధికి వచ్చే మనిషి. నాకంటే కొంచెం పెద్దది. ఎండాకాలంలో చేపల గంపతో పాటు చంకలో చిన్న బుట్ట కూడా ఉండేది, దాన్నిండా పాలపండ్లు. నేను విత్తనాల కోసం సమాధుల దొడ్డికి వెళ్లేసరికి చెట్టు కింద ఒక్క పండు కూడా ఉండేది కాదు. ఊడ్చి పెట్టినట్టు ఉండేది.

"ఈ పండ్లు యాడివక్కా?" అని అడిగాను.

"చెట్టువన్నా."

"ఏ చెట్టు?"

"పండ్లు కాసే చెట్టు."

టికెట్ లేనివాళ్లు సరిగ్గా ఇలాగే జవాబు చెప్తారు. ఎక్కడెక్కావంటే స్టేషన్లో అంటారు. మారు మాట్లాడకుండా ఆమె దగ్గరే పండ్లు కొని, తిని, గింజలు దాచుకున్నాను. నల్లగా నున్నగా మెరిసే గింజలు. నూనె ప్యాకెట్ల కవర్లలో మట్టి నింపి పాతిపెట్టాను. చాలావాటికి మొలకే రాలేదు. వచ్చినవాటిని మా ఆవిడ కోళ్ల నుంచి కాపాడటానికి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కాపలా కాయడం నాకు కొత్తేమీ కాదు.

మొక్కలు జానెడు ఎదిగాక, వానలు మొదలవగానే సమాధుల దొడ్డి తూర్పు అంచున నాటాను. చుట్టూ సరుగుడు కర్రలు పాతి, తాటిమట్టలతో గట్టిగా కంచె కట్టాను. ఆ సాయంత్రం అక్కడే ఇసుకలో కూర్చుని చాలాసేపు చూసుకున్నాను. సంతోషంగా ఉండింది. నాలుగు రోజులు ముసురు పట్టి ఇంట్లోంచి కదల్లేదు. వాన తెరిపిచ్చాక వెళ్లి చూస్తే మొక్కలు లేవు. కంచె కూడా లేదు.

మేకలైతే మొక్క తింటాయి, కంచె తినవు కదా. ఒళ్లు మండిపోయింది. మర్నాడు చేపలామె మా వీధి మలుపు తిరగ్గానే గంప దించమన్నాను. చేపల మీది తడి గోనె తీస్తే, ఒక పక్కగా ఇంకో గోనె ముక్కలో చుట్టి, వేళ్లకు మట్టి అంటుకుని ఉన్న పాల మొక్కలు కనిపించాయి. నా కళ్లు మోసపోలేదు. దొరికింది అనుకున్నాను.

"ఇవేంది?"

"మొక్కలన్నా."

"ఎవరివి?"

"నీయి కావులే. నీయి ఇంత ఏపుగా యాడుండాయి? ఇయ్యి చెట్టు కింద దానికదే మొలిసినాయి. వాన పడితే మొలుస్తాయి, ఎండొస్తే చస్తాయి. చచ్చేలోపల తవ్వుకుంటుండా. మా అమ్మా ఇదే పని చేసింది."

"తవ్వి ఏం చేస్తావు?"

"నర్సరీ ఆయన బండేసుకోనొచ్చి ఎత్తుకుపోతాడు. సపోటా అంటు వీటిమీదనే కడతాడంట. గంప ఎత్తు, చేపలు ఎండిపోతుండాయి."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. సపోటా సొంత వేరు మీద సరిగ్గా నిలవదట. అందుకని పాల మొక్కకు సపోటా కొమ్మను చెక్కి కట్టి, రెండూ అతుక్కున్నాక పాల మొక్క తల కోసేస్తారు. కింద వేరు పాలది, పైన కాపు సపోటాది. ఆ తర్వాత కింద నుంచి పాల చిగురు ఎప్పుడు లేచినా గిల్లేస్తూనే ఉంటారు. మా దిబ్బ బిడ్డల్ని ఎత్తుకుపోయి తలలు కోస్తున్నారన్నమాట. ఆమెను నానా మాటలన్నాను. ఆమె గమ్మున గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. మా దొడ్లో ఉద్యోగంలో ఉండగా ఇల్లు కట్టిన ఏడాది ఆ నర్సరీ నుంచే తెచ్చి నాటిన సపోటా చెట్టొకటి ఉంది, మా ఆవిడకు ప్రాణం. ఆ సాయంత్రం ఆమె ముక్కలు కోసి ఇస్తే ముట్టుకోలేదు. "చెట్టు మీద కూడా అనుమానమేనా?" అంది.

చెట్టు కింద మొలిచినవి ఆమె తీసింది, సరే. నేను నాటినవి తీసిందెవరు? అది మాత్రం తేలలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దను పక్కకు పిలిచి, దొడ్లో దొంగలు పడ్డారని, ఆ చేపలామెను లోపలికి రానివ్వొద్దని చెప్పాను. ఆయన నా ఈడువాడే, నేను ఎక్కిన చెట్టే ఎక్కినవాడు, చిన్నప్పటి నుంచి బావా అంటే బావా అనుకునేవాళ్లం. తాపీగా విని, కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు.

"పీకించింది నేనే బావా" అన్నాడు.

"ఎందుకు?" అన్నాను.

"కంచె ఎందుకు కట్టినావు నువ్వు?" అని నన్నే నిలదీశాడు.

"మేకలు తినకుండా."

"మేకలకేనా?"

అప్పుడర్థమయింది. మా దిబ్బల మీద మొక్క నాటడమంటే నేల మీద చెయ్యి వేయడమే. ఎవరూ పట్టించుకోని ఇసుక కనిపిస్తే సరుగుడు మొక్కలు గుచ్చి చుట్టూ కంచె కడతారు. ఒక కోత అయ్యేసరికి అది ఫలానావాళ్ల తోట అవుతుంది. రెండో కోత అయ్యేసరికి వాళ్ల నాయన కాలం నుంచీ వాళ్లదే. నేను ఉద్యోగంలో ఉన్న కాలంలో సమాధుల దొడ్డి పడమటి పక్క అలాగే పోయిందట. నాటినాయన కూడా మొదట్లో, సమాధులకు నీడగా ఉంటుందని నాటుతున్నానన్నాడట.

"నీడకే అన్నాడు ఆయన. నమ్మినాము. ఇప్పుడు మా నాయన సమాధి ఆయన సరుగుడు తోటలో ఉండాది. పండగనాడు పోయి కొవ్వొత్తి పెట్టాలన్నా ఆయన్ని అడిగి పోవాల. నువ్వు రిటైరయి వచ్చినావు, చేతిలో పని లేదు, ఉన్నట్టుండి తూర్పు పక్క మొక్కలు నాటి కంచె కట్టినావు. పండ్ల కోసం అంటుండావు. నీ కాడ నేను ఇదే పని చేసుంటే నువ్వేమనుకునేవాడివి బావా, నిజం చెప్పు."

సరిగ్గా అదే అనుకునేవాణ్ని. చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను. ఆ తర్వాత నేను సమాధుల దొడ్లోకి వెళ్తే ఎవరో ఒకరు అటుగా పని ఉన్నట్టు నడుచుకుంటూ వచ్చేవాళ్లు. నా జీవితంలో మొదటిసారి నన్నొకరు తనిఖీ చేస్తున్నారు. అమ్మ సమాధి మీద ఆకులు ఏరుతున్నా, జేబులో ఏమైనా గింజలున్నాయేమోనని చూసేవాళ్లు. ఉండేవి కూడా.

ఆ ఏడే తుఫాను వచ్చింది. మా తీరానికి అది మామూలే, పేపర్లో కూడా పెద్దగా రాయలేదు. తెల్లారి గాలి తగ్గాక వెళ్తే పాల చెట్టు వేళ్లతో సహా పెల్లగిలి సమాధుల మీద అడ్డంగా పడి ఉంది. తొర్ర దగ్గర రెండు ముక్కలయింది. విరిగిన చోట తెల్లటి పాలు వాన నీళ్లలో కలిసి కారుతున్నాయి. దాచుకోవాల్సిందేముంది, అక్కడే కూర్చుని ఏడ్చాను. సంఘ పెద్ద వచ్చి పక్కన నిలబడ్డాడు. "అయిపాయ బావా" అన్నాడు.

పండ్ల కాలం కాదు, గింజ లేదు. చెట్టు కింద మొలకలు లేవు, ఆ ఏడు మొలిచినవి చేపలామె గంపలో ఎప్పుడో వెళ్లిపోయాయి. నర్సరీ ఆయన దగ్గరికి పోతే, అవన్నీ అంటు కట్టి అమ్మేశానన్నాడు, కావాలంటే వేరే జిల్లా నుంచి పాల మొక్కలు తెప్పిస్తానన్నాడు. నాకు వేరే జిల్లావి ఎందుకు? మా ఇసుకలో, మా ఉప్పుగాలికి తరతరాలుగా తట్టుకుని నిలిచిన వంశం అది. అది నా కళ్ల ముందే ఆగిపోయింది.

ఆ తుఫానుకే మా దొడ్లో సపోటా కూడా విరిగింది. మోకాలెత్తు మొండెం మిగిలింది. మా ఆవిడ దాన్ని తీయనివ్వలేదు. రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోసింది. కొన్నాళ్లకు చిగుళ్లు వచ్చాయి, పైన కొన్ని, కిందగా మొదట్లోంచి కొన్ని. ఒకరోజు ఉదయం ఆమె చిన్న కత్తి పట్టుకుని మొదలు దగ్గర వంగి ఉంది.

"కిందవి తీసెయ్యకపోతే పైవి ఎదగవు" అంది.

నేను కాఫీ తాగుతూ చూస్తున్నాను. ఆమె చేతిలోని చిగురు ఎందుకో నచ్చలేదు. నాకు ఎవరైనా ఎందుకో నచ్చలేదంటే ఏదో ఉన్నట్టే. ఆగమని అరిచి వెళ్లి ఒక ఆకు తీసుకున్నాను. సపోటా ఆకు కొస సన్నగా మొనదేలి ఉంటుంది. దీని కొస గుండ్రంగా, నడుమ చిన్న నొక్కు. ముదురాకుపచ్చ. చిగురు గిల్లితే పాలు వచ్చాయి. వేలితో తీసి పెదాలకు రాసుకుని నోరు మూసుకున్నాను.

"ఏమైంది, మాట్లాడరేం?" అని కంగారుపడింది మా ఆవిడ.

మాట్లాడదామంటే పెదాలు విడివడలేదు. కళ్లలోంచి నీళ్లు మాత్రం వచ్చాయి. ఆమె కత్తి కింద పారేసి కొబ్బరినూనె కోసం ఇంట్లోకి పరుగెత్తింది.

చేపలామె కోసం వీధి మలుపులో ఎదురుచూశాను. తిట్టిన తర్వాత ఆమె మా ఇంటి ముందు గంప దించడం మానేసింది. చేయి పట్టుకున్నంత పని చేసి దొడ్లోకి తీసుకొచ్చాను. మేము ఇల్లు కట్టిన ఏడాది చెప్పి, అప్పట్లో ఆ నర్సరీకి పాల మొక్కలు ఎవరిచ్చారు, ఎక్కడ తవ్వారు అని వరసగా ప్రశ్నలు వేశాను. ఆమె మొండెం ముందు గొంతుక్కూర్చుని ఆకుల్ని ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"ఇది మా అమ్మ తవ్వింది అయ్యుంటదన్నా" అంది.

"గ్యారంటీ ఏంది?"

"గ్యారంటీ యాడ తెచ్చేది? ఆ కాలంలో ఆ నర్సరీకి పాల మొక్కలు ఇచ్చింది మా అమ్మొక్కతే. ఆయమ్మ తవ్వింది ఈ దిబ్బలోనే."

నూటికి నూరుపాళ్లు నమ్మానని ఇప్పటికీ చెప్పను. కానీ అంతకంటే దగ్గరి సాక్ష్యం నాకు దొరకదు. ఆమె లేచి, చీర కుచ్చిళ్లు దులుపుకుని, వెళ్లబోతూ అంది. "నన్ను దొంగంటివి. నువ్వు కంచె కట్టినయ్యి పోయినాయి, సమాధుల్లో పెట్టుకోని కాసింది పోయింది. మా అమ్మ ఎత్తుకుపోయి అమ్ముకున్నదే మిగిలింది. దీన్నన్నా దాసిపెట్టుకోబాకన్నా."

దొంగతనం దొంగతనమే అని నా వాదన. ఆ రోజు మాత్రం వాదించలేదు.

ఇక మిగిలింది పైన లేచిన సపోటా చిగుళ్లు. రెండూ ఎదగవు, ఒకటే ఉంచుకోవాలి. మా ఆవిడను అడగడానికి నాకు నోరు రాలేదు. రెండు రోజులు దొడ్లోకి వస్తూ పోతూ ఉంది. మూడో రోజు తనే కత్తి తీసుకుని సపోటా చిగుళ్లు కోసేసింది. "ఇన్నాళ్లూ నాకు పండ్లిచ్చింది ఈ వేరే కదా. ఇప్పుడు దాని పండ్లు దాన్ని కాసుకోనీండి" అని వంటింట్లోకి వెళ్లి, చాలాసేపు బయటికి రాలేదు.

పాత వేరు కాబట్టి త్వరగానే లేచింది. కొన్నేళ్లకు పూత, ఆ తర్వాత కాపు. మొదటి పండ్లు చేపలామెకే ఇచ్చాను. తిని, గింజలు కొంగున ముడివేసుకుంది. ఎక్కడికి తీసుకుపోతున్నావని అడగబోయి ఆగాను. మిగతా గింజలు కవర్లలో వేశాను. ఈసారి చాలా మొలిచాయి. నాటడానికి నేను సిద్ధంగా లేను, నా చేతి మొక్కకు ఈ ఊళ్లో బతుకు లేదు. ఊరికే తీసుకెళ్లమని అందరికీ చెప్పాను. ఒక్కరూ తీసుకోలేదు. ఉత్తినే ఇస్తున్నాడంటే ఇందులో ఏదో మతలబు ఉందన్నారు. ఈ చెట్టు దొడ్లో ఉంటే ఫారెస్టు వాళ్లు వచ్చి స్థలం రాసుకుంటారట అని ఒకడు పుట్టించాడు. వాళ్లను ఏమనాలో నాకు తెలియలేదు. నా తనిఖీ చూపు ఊరందరికీ అంటుకున్నట్టుంది.

చివరికి కవర్లన్నీ ప్రహరీ గోడ బయట, వీధి వైపు వరసగా పెట్టి, గేటు తీసి, వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఉద్యోగమంతా దొంగ ఎక్కుతాడేమోనని కాపలా కాశాను. ఇప్పుడు దొంగ రాడేమోనని దిగులు. రోజులు గడిచాయి. కోళ్లు తప్ప ఎవరూ రాలేదు. మా ఆవిడ జాలిపడి, "పోనీ నన్ను దొంగిలించమంటారా?" అంది.

ఒక ఉదయం సంఘ పెద్ద మా వీధిన వచ్చాడు. మాకు మాటలు తగ్గి చాలా కాలమయింది. అటూ ఇటూ చూశాడు. గోడ దగ్గర వంగి చెప్పు సరిచేసుకున్నాడు. లేచేసరికి భుజం మీది తువ్వాలు చేతి మీదికి వచ్చింది, దాని కింద ఏదో గుండ్రంగా ఉంది. నేను పేపరు ఇంకొంచెం పైకెత్తాను. దొంగను చూసి తల తిప్పుకోవడం నా జన్మలో అదే మొదలు. ఆయన చూడలేదనే అనుకుంటూ వీధి చివరిదాకా బిగుసుకుపోయి నడిచాడు.

సమాధుల పండగనాడు సున్నం బకెట్టు, పూలు తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్లాం. దొడ్డి నిండా జనం, కొవ్వొత్తులు. పాత చెట్టు పెల్లగిలిన గుంట ఇసుకతో పూడిపోయింది. దాని నడుమ ఒక పాల మొక్క, చుట్టూ తడి. కంచె లేదు, ఒక్క పుల్ల కూడా లేదు. పక్కనే చెంబు బోర్లించి ఉంది. ఆకు మీద నీటిచుక్కలు ఇంకా ఆరలేదు.

వెనక నుంచి సంఘ పెద్ద వచ్చి నిలబడ్డాడు. మొక్క వంక చూసి, నా వంక అనుమానంగా చూశాడు. ఎదుటివాడిని అనుమానించడం కంటే మంచి ముసుగు లేదని నాకు తెలుసు, టికెట్ లేనివాళ్లు ముందుగా పక్కవాణ్ని చూపిస్తారు.

"ఎవరు నాటినారో ఏమో. మళ్లీ నువ్వేనా బావా?" అన్నాడు.

"నేను కాదు బావా" అన్నాను.

ఆయన చెంబు తీసుకుని నీళ్లకు వెళ్లాడు.